పండించినవాళ్లే, కాగితం లేదు

గుంటూరులో నాది చిన్న పచ్చళ్ల వ్యాపారం. ఏడాదికి సరిపడా ఎండు మిరపకాయలు ఫిబ్రవరి, మార్చిలో పల్నాడు పల్లెలు తిరిగి కల్లాల్లోనే కొంటాను. కాటా పడగానే రైతుకు డబ్బు చేతికి రావాలి. కోత కూలీలు, పురుగుమందుల కొట్టు ఆ సాయంత్రానికే కాచుకుని ఉంటారు. బ్యాంకులో వేస్తే పాత అప్పు కింద పట్టుకుంటారని వాళ్ల భయం. అలా పట్టుకోవడం నేనూ చూశాను.

నా ఆదాయపు పన్ను రిటర్నును స్క్రూటినీకి తీసుకున్నారు. ఖాతాలు, బిల్లులు పంపాం. కొన్నాళ్లకు షోకాజ్ నోటీసు వచ్చింది. ఒక మనిషికి ఒక్క రోజులో 10,000 రూపాయలు మించి నగదు ఇస్తే, నా రిటర్నుకు వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టంలో 40ఎ(3) సెక్షన్ కింద ఆ ఖర్చును ఒప్పుకోరు. 2017 ఏప్రిల్‌కు ముందు ఆ హద్దు 20,000. మిరపకాయలు కొన్ని బస్తాలు కొన్నా పది వేలు దాటిపోతుంది. తీసేసేది కొంత కాదు, ఇచ్చిన డబ్బంతా. కాయలకు పెట్టిన సొమ్ము కూడా నేను మిగుల్చుకున్న లాభమేనని లెక్క కట్టి పన్ను వేస్తారు. ఆ అంకె చూశాక చాలా రాత్రులు నిద్ర లేదు.

అదే చట్టం కింది 6డిడి నిబంధనలో మినహాయింపు ఉంది. వ్యవసాయ ఉత్పత్తిని పండించినవాళ్ల దగ్గరే కొంటే నగదు ఇచ్చినా ఖర్చు చెల్లుతుంది. మధ్యలో వ్యాపారి ఉంటే చెల్లదు. నేను కొన్నది రైతుల దగ్గరే. "రైతులేనని రుజువు కావాలమ్మా" అన్నారు ఆడిటర్ గారు.

సొంత పొలం ఉన్నవాళ్లు పాసు పుస్తకం, అడంగల్ నకళ్లు ఇచ్చారు. నాకు కాయలమ్మినవాళ్లలో సగానికి పైగా కౌలు రైతులు. పొలం మరొకరి పేరున ఉంటుంది, కౌలు నోటిమాట మీద నడుస్తుంది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. దాని కింద ఇచ్చే సాగుదారు కార్డుకూ భూయజమాని సంతకం కావాలన్నారు, సంతకం పెడితే పొలం పోతుందని యజమానికి అనుమానం. "విత్తింది నేను, కోసింది నేను. నేను రైతును కానంటే ఎట్టమ్మా?" అని ఒకాయన అడిగాడు. పాపం, వాళ్లు కూలి పోగొట్టుకుని బస్సెక్కి వచ్చి నోటరీ దగ్గర అఫిడవిట్ల మీద వేలిముద్రలు వేశారు. ఆ రుణం నేనెప్పటికీ మరిచిపోను.

ఇప్పుడు విచారణంతా పోర్టల్లోనే. ఎవరి ముందుకూ వెళ్లి ఆ మనుషుల్ని చూపించలేం. వీడియో విచారణ అడిగితే ఇచ్చారు. ఓపిగ్గానే విన్నారు, చివరికి భూమి కాగితమే అడిగారు. ఉత్తర్వులో పాసు పుస్తకం ఉన్నవాళ్లకు ఇచ్చిన డబ్బు ఖర్చుగా చెల్లింది. కౌలు రైతులకు ఇచ్చినది నా ఆదాయంలో కలిపి పన్ను, వడ్డీ వేశారు.

వెయ్యి రూపాయల రుసుముతో అప్పీలు వేశాం. మిగతా వసూలు ఆపాలంటే డిమాండులో 20 శాతం కట్టాలన్నారు. ఆవకాయకు నువ్వుల నూనె కొనాల్సిన డబ్బు అందులోకి పోయింది. అప్పీలు ఇంకా తేలలేదు. పొలం ఎవరి పేరున ఉందని కాక పంట ఎవరు పండించారో చూడమని అందులో రాయించాను. ఆ మాట మీద నిలబడతాను.

ఈ ఏడు ఆడిటర్ గారు బ్యాంకు ద్వారా తప్ప ఇవ్వొద్దన్నారు. కొందరు అప్పు లేని భార్య ఖాతా నంబరు ఇస్తామన్నారు. అమ్మిన మనిషి పేరే ఉండాలని ఆయన దానికీ ఒప్పుకోలేదు. వాళ్ల కాయలు ఈసారి మిరప మార్కెట్ యార్డుకు పోయాయి.