బావ తుపాకి, పెదనాన్న తుపాకి

ఆదివారం మధ్యాహ్నం అక్కా వాళ్లింట్లో గోంగూర మాంసం తిని సోఫాలో కూలబడి ఉన్నా. బావ ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్లో పెట్టి "ఏరా, ఇందులో ఏది తీసుకోమంటావ్?" అన్నాడు. కొత్త ఫోనేమో అనుకున్నా. చూస్తే ఎక్సెల్ షీటు. బరువు, గొట్టం పొడవు, ఎన్ని తూటాలు, ధర, యూట్యూబ్ లింకులు. అన్నీ పిస్తోళ్లే.

ఇది 2023 మే నెల సంగతి. అప్పటికి వారం ముందే, మే 6న, డాలస్ పక్కన ఆలెన్ మాల్‌లో ఒకడు కాల్పులు జరిపి ఎనిమిది మందిని చంపాడు. వాళ్లలో మన తెలుగమ్మాయి, ఇంజనీరు ఐశ్వర్య తాటికొండ ఒకరు. అక్కావాళ్లు పండక్కి బట్టలు కొనేది ఆ మాల్‌లోనే. ఆ వారమంతా అక్క ఇంట్లోంచి బయటికి రాలేదు. బావేమో ఇదిగో, ఈ షీటు మొదలెట్టాడు. భయమేస్తే ఎక్సెల్ తెరవడం మన జాతి లక్షణం కదా.

ముందు ఆ షీటు గురించే చెప్తాను, ఎందుకంటే నిజంగా బాగా చేశాడు. రోజూ ఒంటి మీద పెట్టుకు తిరిగే తుపాకికి ఉన్న చిక్కంతా ఒక్కటే. చిన్నదైతే దాచుకోడానికి సుఖం, కాల్చడానికి కష్టం. పెద్దదైతే దానికి తిరకాసు. రూగర్ ఎల్‌సీపీ అని ఒకటుంది, పావు కిలో పైన కొంచెం, లుంగీ మడతలో కూడా ఇమిడిపోతుంది. కానీ అంత తేలిక దాన్నుంచి కాలిస్తే చెయ్యి వెనక్కి తంతుంది, గురి కుదరదు. స్మిత్ అండ్ వెసన్ వాళ్ల చిన్న రివాల్వరు 642 దగ్గర జామయ్యే గొడవ తక్కువ, కానీ అయిదే తూటాలు. 2015లో వచ్చిన గ్లాక్ 43లో ఆరు. 2018లో సిగ్ వాళ్లు పి365 తెచ్చి ఇంచుమించు అదే సైజులో పది పట్టించారు. తూటాల్ని ఒకదాని మీద ఒకటి నిలువుగా కాకుండా కాస్త అటూ ఇటూ జరిపి పేర్చడమే అందులో కిటుకు. (మనవాళ్లు ఆరుగురు పట్టే ఆటోలో పన్నెండు మందిని ఎక్కించే టెక్నిక్కే.) ఆ దెబ్బతో మిగతా కంపెనీలు పరుగెత్తాయి. 2019లో గ్లాక్ 43ఎక్స్, అదే ఏడాది హెల్‌క్యాట్, 2021లో షీల్డ్ ప్లస్ వచ్చాయి. అన్నీ తూకంలో అర కిలోకి అటూ ఇటూ, మందం అంగుళం దగ్గర్లో.

తర్వాత సరంజామా. మామూలు తోలు బెల్టు జారిపోతుందని గట్టి బెల్టు. ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పేసే గట్టి ప్లాస్టిక్ ఒర. ఎర్ర చుక్కతో గురి చూపించే అద్దం, గొట్టం కింద లైటు. గ్లాక్‌కి వేలితో వేసే సేఫ్టీ మీట ఉండదు, ట్రిగ్గర్ మీదే చిన్న నాలుక లాంటిది ఉంటుంది. అంటే ఒరే దానికి అసలు సేఫ్టీ. చొక్కా అంచు ట్రిగ్గర్‌లో ఇరుక్కున్నా చూసుకోకుండా ఒరలోకి తోశావో, తొడలోకి పేలుతుంది. అందుకని బావ తుపాకి కన్నా ఒర మీద ఎక్కువ రీసెర్చి చేశాడు.

"పి365" అన్నాను నేను, ఏదో తెలిసినట్టు. లోపల మాత్రం నాకూ ఒకటి కావాలనిపించింది. అబద్ధం ఎందుకు, గట్టిగానే అనిపించింది.

ఇక్కడ నాకో ఫ్లాష్‌బ్యాకుంది. 2022 వేసవిలో నలుగురం రూమ్మేట్లం షూటింగ్ రేంజికి వెళ్లాం. అందరం ఎఫ్-1 మీదే. కౌంటర్ దగ్గర ఒక ఫారం ఇచ్చారు. మనం సాఫ్ట్‌వేరు వాళ్లం, "ఐ అగ్రీ" నొక్కడమే తప్ప చదివే అలవాటు లేదు. ఆరోజు ఏ పుణ్యమో చదివాను. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నావా అని ఒక ప్రశ్న. మా ముగ్గురూ అప్పటికే "నో" టిక్కు పెట్టేశారు. "ఇమిగ్రెంట్ కాదా అంటున్నాడు, కాదనే కదా" అని మావాడి లాజిక్కు. రెండు నిషేధాల్ని తప్పు చోట చదివాడన్నమాట. నాకెందుకో చెయ్యాడక, తలనొప్పని చెప్పి ఫారం వెనక్కిచ్చేశా. అద్దం ఇవతల నిలబడి అందరి ఫోన్లూ పట్టుకుని ఫోటోలు తీశా. కెమెరామెన్ వేషం దక్కింది.

తర్వాత చదివితే తెలిసింది. అమెరికా ఫెడరల్ చట్టం 922వ సెక్షను ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు, అంటే ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4 అన్నీ, తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. కొనడం ఒక్కటే కాదు, రేంజిలో అద్దెకి తీసుకుని పేల్చినా "దగ్గర ఉంచుకోవడం" కిందకే వస్తుంది. మినహాయింపులున్నాయి, అందులో మనవాళ్లు వాడుకునేది వేట లైసెన్సు. రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉంటే ఆ నిషేధం వర్తించదు. జింకని ఎప్పుడూ చూడకపోయినా ఫర్లేదు. ఆ కాగితం లేకుండా పట్టుబడితే 2022 సవరణ తర్వాత పదిహేనేళ్ల దాకా శిక్ష పడొచ్చు.

ఉత్త బెదిరింపు కాదిది. రెహైఫ్ అని స్టూడెంట్ వీసా మీద వచ్చిన ఒకాయన ఫ్లోరిడాలో చదువు ఆగిపోయి స్టేటస్ పోయాక రేంజికెళ్లి కాల్చాడు. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. తన స్టేటస్ పోయిందని ఆ మనిషికి తెలుసని కూడా ప్రభుత్వమే రుజువు చెయ్యాలని 2019లో తీర్పొచ్చింది. ఒకటి గమనించారా, స్టేటస్ పోతే వేట లైసెన్సు కూడా అక్కరకి రాదు. లేఆఫ్ అయి అరవై రోజులు దాటిపోతున్న మనిషి ఇంట్లో లైసెన్సు చూపించి కొన్న తుపాకి ఉంటే ఏంటో ఆలోచించుకోండి. హెచ్-1బి వాడికి ఉద్యోగంతో పాటు పోయేవాటి లిస్టులో ఇదొకటి ఉందని నాకూ అప్పటిదాకా తెలీదు.

సరే, బావ సిటిజన్. ఆయనకి ఈ గొడవ లేదు. ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక పి365 ఇంటికి తెచ్చాడు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి, చట్టప్రకారం అడ్డంకి లేని పెద్దవాళ్లు పర్మిట్ లేకుండానే పెట్టుకు తిరగొచ్చు. వచ్చే ఆదివారం మేగజీను తీసి, ఖాళీ అని చూపించి "పట్టుకో ఓసారి" అన్నాడు. చేతులు వెనక్కి కట్టుకున్నా. "మరీ అంతా?" అని నవ్వాడు. అంతే మరి, గ్రీన్ కార్డు క్యూలో ఉన్నవాడి చేతులు వెనకే ఉండాలి.

"శ్రీనివాస్ దగ్గర ఒకటుంటే బతికేవాడేమో" అన్నాడు బావ ఆరోజే. మనలో మర్చిపోయినవాళ్లు ఎవరూ ఉండరనుకుంటా. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ ఒలాతేలో ఒక బార్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ని చంపారు. అలోక్ గాయపడ్డారు. ఆ మాటకి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయా. తర్వాత ఆలోచిస్తే, వాళ్లిద్దరూ పని అయ్యాక తాగడానికి కూర్చున్న మనుషులు. వాడు మాటలతో గొడవ పెట్టుకుని, బయటికెళ్లి తుపాకితో తిరిగొచ్చి కాల్చాడు. ఒరలోంచి తీసే టైము ఎవడిచ్చాడు? ఆరోజు అడ్డం పడిన ఇయాన్ గ్రిల్లో చేతిలో ఏమీ లేదు. టేబుల్ కింద దాక్కుని తొమ్మిది చప్పుళ్లు లెక్కపెట్టి, మేగజీను ఖాళీ అయ్యిందనుకుని లేచాడు. లెక్క తప్పింది. తూటా అరచెయ్యి మీదుగా ఛాతీలోకి వెళ్లింది. ఆయన బతికాడు. బావ షీటులో "ఎన్ని తూటాలు" అనే కాలం చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. అవతలివాడి షీటులోనూ ఆ కాలం ఉంటుంది కదా.

ఇంక మా ఊరి తుపాకి. మాది నెమలి, తిరువూరు దగ్గర. వేణుగోపాలస్వామి గుడున్న ఊరంటే కృష్ణా, ఖమ్మం వాళ్లు టక్కున గుర్తుపడతారు. (2022 నుంచి మేం ఎన్టీఆర్ జిల్లా.) పెదనాన్న దగ్గర, అంటే అక్క నాన్న దగ్గర, పంట కాపలాకి లైసెన్సున్న ఒంటి గొట్టం తుపాకి ఉంది. నా చిన్నప్పుడు అది ఇంట్లో దేవుడి గది కన్నా మడిగా ఉండేది. తూటాల లెక్క పుస్తకంలో రాయాలి, రెన్యువల్‌కి తిరగాలి, ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పజెప్పాలి. 2024 మార్చిలో కోడ్ వచ్చాక ఫోన్ చేస్తే "తుపాకి స్టేషన్‌లో ఉందిరా, పందులు మొక్కజొన్నలో ఉన్నాయి" అన్నాడు. ఫలితాలొచ్చాక జూన్‌లో గానీ అది ఇంటికి రాలేదు.

బావ పిస్తోలు సంగతి చెప్పి ఫోటో పంపా. ఇక్కడైతే అది దొరకదని చెప్పా. 9 ఎం.ఎం. మన దగ్గర మామూలు జనానికి నిషిద్ధ బోరు. లైసెన్సు వచ్చినా .32 రివాల్వరో, పిస్తోలో కొనుక్కోవాలి. 2014లో కాన్పూర్ ఫ్యాక్టరీ ఆడవాళ్ల కోసమని "నిర్భీక్" రివాల్వరు తెచ్చింది, అదీ అర కిలోనే. ధర మాత్రం లక్షా ఇరవై వేల పైన! ఆ డబ్బుకి అమెరికాలో బావలాంటివాళ్లు రెండు పిస్తోళ్లు కొంటారు.

పెదనాన్న ఇదంతా విని "రోజూ నడుముకే పెట్టుకుంటాడా? దేనికి?" అన్నాడు.

"ఆత్మరక్షణకి."

"మరి పడుకునేటప్పుడు? పిల్లోడున్నాడుగా ఇంట్లో."

నా దగ్గర ఓ అంకె ఉంది కానీ చెప్పలేదు. 2021లో అమెరికాలో తుపాకితో పోయినవాళ్లు 48,830 మంది, అందులో 26,328 ఆత్మహత్యలు. సగం పైన, తుపాకి అవతలివాడి మీదికి తిప్పింది కాదు. అక్క ఆ ఏడాది ఎంత దిగులుగా ఉండేదో నాకు తెలుసు, పెదనాన్నకి తెలీదు.

ఆ నవంబరులో అట్లాంటాలో ఉప్పల్ నుంచి వచ్చిన 23 ఏళ్ల కుర్రాడు, పుట్టినరోజు నాడే, కొత్తగా కొన్న వేట తుపాకి శుభ్రం చేస్తుంటే పేలి చనిపోయాడు. లైసెన్సుతోనే కొన్నాడట. స్నేహితులు పక్క గదిలో ఉన్నారట. నేను నెల నుంచి వేట లైసెన్సు పేజీ బ్రౌజర్‌లో ఒక ట్యాబులో తెరిచి ఉంచుకున్నా. ఆ రాత్రి మూసేశా.

బావ నడుము మీద పెట్టుకు తిరిగింది మూడు వారాలు. గుడి తలుపు మీద వద్దని బోర్డు, ఆఫీసులో వద్దు, స్కూల్లో వద్దు. కార్లో వదిలితే దొంగలు. చివరికి బెడ్రూమ్ అల్మరాలో బీరువా లాంటి చిన్న పెట్టెకి చేరింది. దాని నంబరు బావకి ఒక్కడికే తెలుసు. ఆ నంబరు నాకు చెప్పమని అక్క అడగలేదు, నేనూ అడగలేదు. బావ మాత్రం ఓసారి తనంతట తనే "అక్కకి చెప్పకు" అని నాతో అన్నాడు.

మొన్న మా పాత రూమ్మేటు ఫోన్ చేశాడు. "నో" టిక్కు పెట్టినవాడే. స్టాంపింగుకి హైదరాబాద్ వెళ్లాలి. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి వాళ్ల సోషల్ మీడియా కూడా చూస్తున్నారు, ఖాతాలన్నీ పబ్లిక్‌లో పెట్టమన్నారు. ఇన్‌స్టాలో రేంజి ఫోటో ఉంది, రెండు చేతులా గ్లాక్ పట్టుకుని, కింద ఏదో బాలయ్య డైలాగు.

"తీసెయ్యనా, ఉంచనా?"

"నన్నడక్కు, లాయర్ని అడుగు" అన్నా.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అవునూ, ఆ ఫోటోలు తీసింది నువ్వే కదా. నీ ఫోన్లో కూడా ఉన్నాయా?"

ఉన్నాయి. పదకొండు.