టిక్కుమను శబ్దము

టమాటా గంపలు నిండగా మదనపల్లె మార్కెట్టుకు వేకువనే చేరవలసిన పాత పికప్ బండి, తాళము త్రిప్పినంతనే, గొంతు సవరించుకొన్న వృద్ధునివలె టిక్కుమని మౌనము వహించినప్పుడెల్లను మనము స్టార్టరునే నిందింతుము. బుష్షులు, కార్బన్లు మార్పించి, పిదప క్రొత్తదే బిగింతుము. కొన్ని మాసములకు అదియు మూగవోవును.

హ్యాండిలు రాడ్డుతో లారీలను మేల్కొలిపిన క్లీనర్లు నాకు జ్ఞప్తికి వత్తురు. రాడ్డు ఎదురుతిరిగి మణికట్టు విరిగినవారును కలరు. 1912 నాటి కాడిలాక్ కార్లలో ఛార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు ఆ భయమును తొలగించినది. నిందను మాత్రము తన నెత్తిన వేసికొన్నది.

నిజమునకు, బ్యాటరీ మైనసును ఇంజనుతో కలుపు ఎర్త్ తీగ తుప్పుపట్టినను, బ్యాటరీ టెర్మినలుపై తెల్లని ఉప్పు పేరుకొన్నను, 12 వోల్టులలో కొంత త్రోవలోనే హరించిపోగా, మిగిలిన అల్పబలముతో అంత బరువైన ఇంజనును త్రిప్పబూని, స్టార్టరు వేడెక్కి కాలును. మ్రోగిన చోటనే దోషమును వెదకుట, ఇంటనైనను వీధినైనను, మనకెంత సహజమో!

క్రొత్తది కొనుటకు ముందు, తాళము త్రిప్పుచుండగా బ్యాటరీ మైనసుకును ఇంజను లోహమునకును నడుమ మీటరు పెట్టి చూడుడు. అర వోల్టు దాటినచో దోషము ఎర్త్ తీగలోనో, దాని కొనల బిగింపులలోనో కలదు.