నాలుగు చక్రాలూ తిరుగుతూనే ఉన్నాయి!

‘‘నాలుగు చక్రాలూ తిరుగుతాయన్నావుగా తల్లీ! తిరుగుతానే ఉన్నాయి. మరి బండి కదలదేం?’’

గడ్డిమోపు గట్టు మీద దించి, చెంగుతో మొహం తుడుచుకుంటూ అడిగిందా అవ్వ. ఆమెకేం చెప్పాలో నాకు తోచలేదు. అవనిగడ్డ అవతల మా బాబాయి వాళ్ల చేను అది. వరి కోసి, మినుము కూడా తీసేశారు. ముందురోజు రాత్రి అకాలంగా ఒక్క జల్లు పడింది. పైకి చూస్తే ఎండిన నేలే. నేను యాక్సిలేటర్ తొక్కుతున్నకొద్దీ నల్లమట్టి రుబ్బిన మినప్పిండిలా టైర్లకు చుట్టుకుంటోంది. టైరు మీది గాళ్లన్నీ పూడిపోయి నాలుగూ నున్నటి గుండ్రాళ్లలా తయారయ్యాయి. ఇరుసు నేలకు ఆనింది.

బాబాయి వేపచెట్టు కింద నిలబడి తీరిగ్గా బీడీ వెలిగించాడు. ‘‘తొక్కమ్మాయ్, ఇంకా తొక్కు. చేలో బోరేయించే ఖర్చు మిగులుతుంది’’ అన్నాడు.

అరగంట తర్వాత పక్క చేలోని ట్రాక్టరు వచ్చి లాగింది. ట్రాక్టరు కుర్రాడు డబ్బులొద్దన్నాడు. ఒక ఫొటో చాలన్నాడు. ఆ ఫొటో ఊళ్లో ఎన్ని ఫోన్లకు చేరిందో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు.

ఇంతకీ విజయవాడలో ఫ్లాటులో ఉంటూ, రెండు కాలాల వార్తకు మూడు కప్పుల టీ తాగే నాకు ఈ జీపు పిచ్చి ఎందుకు పట్టిందంటారా? చెబుతాను.

2024 సెప్టెంబరు 1 ఆదివారం. బుడమేరు ఊరి మీద పడింది. మా అమ్మ సింగ్ నగర్లో ఒక్కతే ఉంటోంది. తెల్లవారేసరికి వీధిలో మోకాలి లోతు, మధ్యాహ్నానికి మనిషి లోతు. ఇంటివాళ్లు అమ్మను మేడ మీదకు తీసుకెళ్లారు. ‘‘ఇన్సులిన్ తడిగుడ్డ చుట్టి కుండలో పెట్టాలే, కంగారుపడకు’’ అని చెప్పింది. తర్వాత ఫోను ఆగిపోయింది. నా చిన్నకారు వేసుకుని సింగ్ నగర్ ఫ్లైఓవర్ దాకా వెళ్లగలిగాను. అక్కడి నుంచి అంతా నీళ్లే. విలేకరి కార్డు మెడలో ఉంది కానీ అది నీళ్ల మీద తేలదు కదా! పడవలు వెళ్తున్నాయి, ట్రాక్టర్లు వెళ్తున్నాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వార్త రాసింది మా పేపరే. నా బుర్రలో మాత్రం ఆ కుండ తప్ప ఇంకేమీ లేదు. మూడో రోజు సాయంత్రం ఒక ట్రాక్టరు ట్రక్కులో పాతికమంది మధ్య నిలబడి వచ్చింది అమ్మ. చేతిలో స్టీలు డబ్బా, అందులో ఇన్సులిన్.

ఆ రాత్రే నిర్ణయించుకున్నాను, జీపు కొనాలని. వరద ఒక సాకు మాత్రమేనని మా ఆయన అంటాడు. అందులో సగం నిజం లేకపోలేదు. చిన్నప్పుడు మా ఊళ్లోకి జీపు వచ్చిందంటే అయితే ఆఫీసరన్నా వచ్చినట్టు, లేదా ఎన్నికలన్నా వచ్చినట్టు. దుమ్ములో దాని వెనక పరిగెత్తిన పిల్లల్లో నేనూ ఉన్నాను.

కొత్త బండ్లు చూశాను. మహీంద్రా థార్ ఇప్పటి రూపంలో 2020లో వచ్చింది. మారుతీ జిమ్నీ 2023లో. ఇక్కడొక జాగ్రత్త. థార్‌లోనే 2023 నుంచి వెనక చక్రాలకు మాత్రమే శక్తి అందే రకం కూడా అమ్ముతున్నారు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. ఫోర్ వీల్ డ్రైవ్ కావాలనుకునేవాళ్లు రంగు చూసి మురిసిపోకుండా అది అడిగి కొనాలి. నా జీతానికి ఏ రకమైనా అందలేదు కాబట్టి నేను ఆటోనగర్ దారి పట్టాను.

మన ఆటోనగర్లో బండి కొనడం ఒక ఎత్తు, ఆడమనిషి వెళ్లి జీపు బేరమాడటం మరో ఎత్తు. ‘‘సార్ రాలేదా మేడమ్?’’ అని నలుగురు అడిగారు. సార్‌కి క్లచ్ అంటే భయమండీ అన్నాను. నిజమే, ఆయనది ఆటోమేటిక్ కారు. అయిదో మెకానిక్ మాత్రం ఏమీ అడక్కుండా బండి కిందకు దూరి, తుప్పు ఎక్కడుందో స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూపించాడు. ఆయన చెప్పినవే నాకు పనికొచ్చాయి. పాత జీపు కొనేటప్పుడు ముందు ఆర్సీ చూడాలి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు కాగితంలోవీ, బండి మీదవీ ఒకటేనా కాదా చూడాలి. చాలా జీపులకు మధ్యలో ఇంజిన్లు మారిపోయి ఉంటాయి. ఫోర్ వీల్ డ్రైవ్ అని చెప్పే బండికి రాడ్డు ఉంటుంది కానీ కింద ముందు ఇరుసుకు వెళ్లే షాఫ్టు ఉండదు. మెత్తటి మట్టిలో రాడ్డు వేయించి, ముందు చక్రాలు నిజంగా తిరుగుతున్నాయో లేదో కళ్లారా చూడాలి. పదిహేనేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్, రీరిజిస్ట్రేషన్ ఖర్చు వేరే. కొన్నాక పెద్ద టైర్లు, పొడుగు స్ప్రింగులు అంటూ ఇష్టమొచ్చినట్టు మార్చేయడం చట్టం ఒప్పుకోదు. కంపెనీ ఇచ్చిన కొలతలు దాటి మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టూ చెప్పింది.

చివరికి ఒక పాత మహీంద్రా డీజిల్ జీపు దొరికింది. ధర ఇక్కడ రాయను. మా అత్తగారు ఈ పేపరే చదువుతారు.

నేర్పడానికి బాబాయి ఒప్పుకున్నాడు. ఆయన రిటైరైన ప్రభుత్వ డ్రైవరు. వయసు డెబ్బై. మొదటి రెండు ఆదివారాలు నన్ను స్టీరింగ్ ముట్టనివ్వలేదంటే నమ్మండి! చెప్పులు విప్పించి, చేతికి కర్ర ఇచ్చి చేను చుట్టూ నడిపించాడు. ‘‘కాలు ఎక్కడ దిగబడుద్దో బండీ అక్కడే దిగబడుద్ది. నీ బరువుకే దిగితే టన్నున్నర బండి సంగతేంటి?’’ అని ఆయన లెక్క. మొదట్లో నవ్వొచ్చింది. నేను నేర్చుకోవాలనుకున్నది డ్రైవింగ్, ఇదేమో తీర్థయాత్రలా ఉంది. రెండో వారానికి కాలికి తేడా తెలియడం మొదలైంది. తెల్లగా పగుళ్లిచ్చిన నల్లరేగడి గట్టిది. పగుళ్లు లేకుండా నిగనిగలాడేది మెత్తనిది. పచ్చగా తుంగ మొలిచిందంటే అడుగున నీరుంది.

మూడో వారం స్టీరింగ్ ఇచ్చాడు. ఇచ్చీ ఇవ్వగానే నా బొటనవేళ్లు లాగి స్టీరింగ్ పైఅంచున పెట్టించాడు. పాత జీపుకు పవర్ స్టీరింగ్ ఉండదు. చక్రం రాయికో గాడికో తగిలితే స్టీరింగ్ గిర్రున తిరిగి లోపలున్న వేలిని విరిచేస్తుంది.

గేరు రాడ్డు పక్కన ఇంకో రెండు చిన్న రాడ్లుంటాయి. ఒకటి ముందు చక్రాలకు కూడా శక్తి అందిస్తుంది. రెండోది లో గేరు. అది వేస్తే బండి ఎద్దుబండి నడక నడుస్తుంది, బలం మాత్రం ఏనుగుది. లో గేరులో గట్టు దిగుతున్నప్పుడు కాలు క్లచ్ మీదకు పోకూడదు. ఇంజినే బండిని పట్టుకుని దింపుతుంది. క్లచ్ నొక్కితే పట్టు వదిలేసినట్టే. తారురోడ్డు ఎక్కాక ముందు చక్రాల రాడ్డు తీసేయాలి. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు తిరిగే దూరం ఒకటి కాదు. మట్టిలో అయితే కొంచెం జారి సర్దుకుంటాయి. రోడ్డు మీద జారే వీలుండదు, ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది.

అవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు కూడా అప్పుడే తెలిసింది. ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ మనలాంటిదే, తేలికైన దారి వెతుక్కుంటుంది. రెండు చక్రాల్లో పట్టు లేనిదే గిరగిరా తిరుగుతుంది, గట్టి నేల మీదున్నది కదలదు. ముందొకటి, వెనకొకటి జారాయంటే చాలు, ఫోర్ వీల్ డ్రైవ్ బండి కూడా బొమ్మలా నిలబడిపోతుంది. అప్పుడు తొక్కితే దిగబడటం తప్ప లాభం లేదు. దిగాలి. పార తీసుకుని చక్రం ముందున్న మట్టి తీయాలి. గోనెసంచులో తాటిమట్టలో వేయాలి. వచ్చిన జాడల్లోనే వెనక్కి రావాలి. ఆ జాడ మనల్ని ఒకసారి మోసింది కదా! తాడు కట్టి లాగించేటప్పుడు బంపరుకు కట్టకూడదు, ఛాసిస్‌కున్న హుక్కుకే కట్టాలి. లాగుతున్నంతసేపూ తాడు దరిదాపుల్లో మనిషి ఉండకూడదు. తెగిన తాడు కొరడా అవుతుంది.

ఇసుక సంగతి పూర్తిగా వేరు. కృష్ణ లంకలో బంధువుల తోట పక్కన నేర్చుకున్నాను. రోడ్డు మీద 30 పౌండ్లుండే గాలిని 18కి దించమన్నాడు బాబాయి. టైరు సాగిలపడి నేలను ఎక్కువమేర పట్టుకుంటుంది. దాంతో నిన్నటిదాకా దిగబడిన చోటే జీపు పడవలా సాగిపోయింది. ఆ క్షణంలో నేను అరిచిన అరుపుకు తోటలో కొంగలన్నీ లేచిపోయాయి. ఇసుకలో బ్రేకు గట్టిగా వేయకూడదు, ఊరికే వదిలేసి ఆగనివ్వాలి. తిరిగి రోడ్డెక్కే ముందు గాలి నింపడం మరవకూడదు. బ్యాటరీతో నడిచే చిన్న పంపు కొనుక్కుంటే చాలు. ఏటి ఇసుకలో ఇంకో ప్రమాదం ఉంది. తవ్వుకుపోయిన గోతులు వరదకు పైపైన పూడి, చదునుగా కనబడతాయి. అందుకే అక్కడా కర్ర తప్పదు. ఒంటరిగా మాత్రం ఎప్పుడూ వెళ్లకూడదు. వెనక ఇంకో బండి ఉండాల్సిందే.

అన్నట్టు, హంసలదీవి తీరంలో జీపు తోలాలని నాకు భలే సరదాగా ఉండేది. మానుకున్నాను. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడి ఇసుకలోనే గుడ్లు పెడతాయి. మనకు కనబడేది ఇసుకే, చక్రం కింద పడేది గూడు. కాలువగట్లు, పంట చేలు, అడవిశాఖ భూములూ అంతే. అడిగి తొక్కే నేల మనకు బోలెడుంది.

బాబాయి 1977 గురించి ఎప్పుడూ మాట్లాడడు. ఒక్కసారే చెప్పాడు, లంక నుంచి తిరిగొస్తుంటే పులిగడ్డ దగ్గర. ఆ ఏడాది నవంబరు 19న ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టినప్పుడు ఆయనకు ఇరవై రెండేళ్లు, కొత్తగా చేరిన డ్రైవరు. మందులు వేసుకుని జీపులో నాగాయలంక వైపు బయల్దేరాడు. ఒకచోట రోడ్డు మీద నీళ్లు. ఆఫీసరు దిగి చూద్దామన్నాడట. ‘‘జీపండీ, ఇది ఎక్కడికైనా పోద్ది’’ అని బాబాయి దూకించాడు. మధ్యలో ఇంజిన్లోకి నీళ్లెళ్లాయి. మళ్లీ స్టార్ట్ చేయబోయాడు, ఇంజిన్ పట్టేసింది. పెట్టెలు తల మీద పెట్టుకుని నడిచేసరికి చీకటి పడింది.

‘‘ఆ పూట మందులు చేరలేదు. చేరితే ఎవరన్నా బతికేవాళ్లో లేదో నాకు తెలీదు. చేరలేదంతే’’ అన్నాడు. తర్వాత ఉయ్యూరు దాకా మాట్లాడలేదు.

2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చింది. గాలికి వరి మొత్తం పడుకుంది. పిన్ని ఆ సమయానికి పక్క ఊళ్లో వాళ్ల పుట్టింట్లో ఒక్కతే ఉంది. ఫోను కలవడం లేదు. ఏడాది కిందటి ఫ్లైఓవర్ గుర్తొచ్చి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. తెల్లవారాక బాబాయి, తమ్ముడు, నేను జీపులో బయల్దేరాం. ఊరికి రెండు కిలోమీటర్ల ఇవతల మురుగుకాలువ చప్టా మీద నుంచి నీళ్లు పారుతున్నాయి. ఎర్రగా, సుడులు తిరుగుతూ.

‘‘జీపు కదక్కా, లో గేరులో పోనీయ్’’ అన్నాడు తమ్ముడు. అవతలి ఒడ్డు కనబడుతోంది. ఎంతా, ముప్పై అడుగులు.

బాబాయి నోరు మెదపలేదు. నేనే దిగి కర్ర దింపాను. మోకాలి పైకి వచ్చింది. రెండో అడుగులో ప్రవాహం కర్రను పక్కకు లాగింది. నిలవనీరైతే లోతు చూసుకుంటే చాలు. పారే నీరు రెండడుగులుంటే బండిని పక్కకు తోసేయగలదు. వెనక్కి తిరిగి బాబాయి వైపు చూశాను. ‘‘ఏం చేస్తావ్?’’ అన్నాడు.

రివర్స్ గేరు వేశాను. తమ్ముడు దారంతా మూతి ముడుచుకునే ఉన్నాడు. పాతిక కిలోమీటర్లు చుట్టుతిరిగి, రెండు చోట్ల విరిగిన కొమ్మలు లాగి, మూడు గంటలు ఆలస్యంగా చేరాం. పిన్ని వరండాలో కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. ‘‘ఇప్పుడా రావడం?’’ అని బాబాయిని పట్టుకుని దులిపేసింది.

మూడు రోజులకు నీళ్లు తీశాక వెళ్లి చూశాను. చప్టా నిక్షేపంగా ఉంది. దాటినా ఏమీ అయ్యేది కాదేమో. ఆ మాటే బాబాయితో అన్నాను. ‘‘ఉంటే ఉంది. ఆ పూట నీకు తెలీదుగా’’ అన్నాడు.

మొన్న అమ్మ అడగనే అడిగింది, ‘‘ఆ వరదప్పుడు ఈ జీపు ఉండుంటే నా దగ్గరకు వచ్చేదానివా?’’ అని. అబద్ధం చెప్పాలనిపించింది కానీ చెప్పలేదు. థార్ లాంటి కొత్త బండి కూడా 650 మిల్లీమీటర్ల నీటిలో నడుస్తుందనే కంపెనీ చెబుతోంది. అంటే రెండడుగుల పైచిలుకు. అమ్మ వీధిలో ఆ రోజు ఆరడుగులుంది.

‘‘ఫ్లైఓవర్ దాకానే వచ్చేదాన్నమ్మా’’ అన్నాను.

‘‘మరి ఎందుకే అంత పోసి కొన్నావ్?’’

ఏం చెప్పను! ఈ ఆదివారం బాబాయి వాళ్ల ఊరికి తనూ వస్తానంది. జీపు ఎత్తుగా ఉంది, ఎక్కడానికి పీట కావాలట. వెనక సీటు కింద, పార పక్కనే, వంటింటి పీట సర్దాను.