ఏ ఊళ్లో కాపురం?

మాకు ఎనిమిదిమంది పిల్లలు, చదువంతా ఇంట్లోనే. మదరసాలో బోధనకు రాయచోటి నుండీ, కర్నూలు నుండీ పిలుపు వచ్చినప్పుడు నేను కాగితంపై లెక్క వేశాను: ఇంటి అద్దె, నీళ్లు, మస్జిద్ దూరం, మగపిల్లల హిఫ్జ్‌కు ఉస్తాద్. లెక్కలో రాయచోటి నెగ్గింది.

ఓపెన్ స్కూల్ పదవ తరగతికి సిద్ధమవుతున్న రెండో అమ్మాయి ఆ కాగితం చూసి, “అబ్బాజాన్! ఇందులో మా నలుగురు అక్కచెల్లెళ్ల కోసం ఏముంది?” అని అడిగింది. జవాబివ్వలేకపోయాను.

ఆ రాత్రి ఇషా తరువాత సూరా ఇబ్రాహీం 37వ ఆయత్ గుర్తుకు వచ్చింది. పైరు పండని లోయలో తన సంతతిని నిలిపిన హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) ముందు నమాజును ప్రస్తావించి, పిదప జనుల హృదయాలు వారి వైపు మొగ్గాలనీ, ఆ తరువాతే ఫలాలు దక్కాలనీ వేడుకున్నారు. ముప్ఫై ఏళ్లుగా బోధిస్తున్న ఆయత్ ఇది. నా కాగితంలో మస్జిద్ ఉంది, ఫలాలున్నాయి, హృదయాలు లేవు.

ఇస్తిఖారా చేశాము. పిల్లల తల్లీ, అమ్మాయీ రెండు ఊళ్లకూ వెళ్లి ఇరుగుపొరుగు స్త్రీలతో మాట్లాడి వచ్చారు. కర్నూలులో ఒక వీధి ఆడపిల్లలు అస్ర్ తరువాత ఒకరింట్లో కూడి ఖుర్ఆన్ చదువుకుంటున్నారు. 2016లో నెలకొన్న ఉర్దూ విశ్వవిద్యాలయమూ ఆ ఊళ్లోనే ఉంది. అద్దె ఎక్కువ, గదులు తక్కువ. అయినా అక్కడికే చేరాము.

సోదరులారా! ఊరు మారే ముందు ఇంట్లోని ఆడపిల్లలను కూడా అడగండి.