కొణతానికి ఓ పేరుంది!
పాత బ్రిటిష్ పటాలాల బ్యాడ్జీలు సేకరించేవారు ముందు బొమ్మ చూస్తారు. ఏనుగుతోపాటు ‘అస్సాయే’ అన్న అక్షరాలుంటే అది హైలాండ్ లైట్ ఇన్‌ఫంట్రీది. 1803లో మరాఠాలపై గెలుపునకు గుర్తు. మన మద్రాస్ రెజిమెంట్ బ్యాడ్జీ మీదున్నదీ ఆ ఏనుగే. మరి దాన్ని టోపీకి పెట్టుకున్న జవాను ఎవరు? బ్యాడ్జీ చెప్పదు.

ఆయుధం చూపి వీరుడి పేరు చెప్పేవాళ్లు పల్నాడులో ఉన్నారు. కార్తీక అమావాస్యకు కారంపూడి వెళ్లండి. ఐదు రోజులు వీరారాధనోత్సవాలు. ఆచారవంతులు తమ ఊళ్ల నుంచి ‘కొణతాలు’... అంటే వీరుల ఆయుధాలు... పట్టుకొస్తారు. నాగులేటిలో స్నానం చేయించి వీరుల గుడికి తీసుకెళ్తారు. ఏది ఏ వీరుడిదో తాతలు చెబితే మనవలు గుర్తుపెట్టుకుంటారు.

మూడో రోజు మందపోరు. బ్రహ్మనాయుడి చాపకూడును తలచుకుంటూ కులభేదం లేకుండా సహపంక్తి భోజనం. ఆకలితోనే వెళ్లండి!