మాస్టారి నంబరు

మావారు ముప్పై నాలుగేళ్లు బడిపంతులుగా పనిచేశారు. చివరి పదహారేళ్లూ వింజమూరు చుట్టుపక్కలే. పాతవాళ్లకు మా ఇల్లు తెలుసు. ఈ కాలం పిల్లలకు ఆయన ఫోను నంబరు తెలుసు. ఆ నంబరు సంగతే మీతో చెప్పాలనుకుంటున్నాను.

2008లో ఒక సాయంత్రం ఆయన బడినుంచి వస్తూ మూడు సిమ్ కార్డులు తెచ్చారు. "టీచర్లందరికీ కలిపి ఒకే గ్రూపంట. గ్రూపులో వాళ్లతో ఎంతసేపు మాట్లాడినా డబ్బు పడదు. బయటివాళ్లతో మాట్లాడినా మనకు రేటు తక్కువే" అన్నారు. అప్పటిదాకా నేను గడియారం వంక చూస్తూ మాట్లాడేదాన్ని. మూడో కార్డు ఉదయగిరిలో ఉన్న మా అమ్మకు ఇచ్చాం. ఆ తర్వాత కూర తాలింపు మొదలుకొని కోడలి కబుర్ల దాకా అన్నీ ఫోనులోనే. ఆ మేలు నేను మరచిపోలేదు.

"కంపెనీవాళ్లకు మనమీద ఇంత ప్రేమ దేనికండీ?" అని అడిగాను. మావారు నవ్వారు. "నెలజీతగాళ్లం, బిల్లు ఎగ్గొట్టం. ఒక్క సంతకంతో వందమంది దొరుకుతారు. పైగా ఒకడు బయటికి పోదామనుకున్నా, మిగతావాళ్లతో మాట్లాడాలంటే డబ్బు పడుతుందని ఆగిపోతాడు" అన్నారు. రాయితీ అనేది పలుపుతాడు కూడానని ఆయనకు ఆనాడే తెలుసు. తెలిసీ మెడకు వేసుకున్నాం.

2011 జనవరి 20న దేశమంతటా నంబరు మారకుండానే కంపెనీ మారే సౌకర్యం వచ్చింది. మా అబ్బాయి బెంగళూరునుంచి ఫోను చేసి, "అమా, మారిపోండి" అన్నాడు. గ్రూపు పోతుందని మేం మారలేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక కొద్దికాలంలోనే కాల్స్‌కు విడిగా డబ్బు పట్టడం దాదాపు అన్ని కంపెనీల్లోనూ పోయింది. ఇక గ్రూపువల్ల వచ్చే లాభం ఏముంది? అయినా కదల్లేదు. అలవాటు అటువంటిది.

2024లో ఆయన రిటైరయ్యారు. శాలువా కప్పారు, దండలు వేశారు. రెండు నెలలు గడిచాయి. ఒక ఉదయం లేచి చూస్తే మూడు ఫోన్లూ మూగబోయి ఉన్నాయి. ఉద్యోగం అయిపోయింది గనుక జాబితాలోంచి పేరు తీసేశారట. దుకాణానికి వెళ్తే, "ఈ నంబర్లు మీ పేరు మీద లేవు సార్, సంస్థ పేరు మీద ఉన్నాయి. అధికారి సంతకంతో ఉత్తరం తెండి" అన్నారు. పదహారేళ్లు బిల్లు కట్టింది మేము. నంబరు మాత్రం మాది కాదు!

బ్యాంకు, ఆధార్, గ్యాసు అన్నీ ఆ నంబరుకే ముడిపడి ఉన్నాయి. ఉత్తరం కోసం తిరిగితే పాత గుమాస్తా బదిలీ అయ్యాడు, కొత్తాయనకు కాగితాలు దొరకలేదు. పదకొండు రోజులు పట్టింది. మా అమ్మకు నేను బస్సెక్కి వెళ్లి చెప్పి వచ్చాను. అందరికీ అలా చెప్పలేం కదా!

మావారి పాత విద్యార్థి ఒకడు కువైట్‌లో డ్రైవరుగా ఉన్నాడు. ఆ పదకొండు రోజుల్లోనే ఒక రాత్రి ఊళ్లో వాళ్లమ్మ పడిపోయిందని అతనికి కబురందింది. మాస్టారైతే వెంటనే వెళ్తారని నాలుగుసార్లు చేశాడట. ఇక్కడ ఫోను మోగితే కదా! మరునాడు మధ్యాహ్నానికి గానీ బంధువులు ఆమెను ఆసుపత్రికి చేర్చలేకపోయారు. ఆమెకు కుడిచెయ్యి ఇప్పటికీ సరిగా లేవడం లేదు. ఆ రాత్రే తీసుకువెళ్లి ఉంటే ఎలా ఉండేదో చెప్పలేం. కానీ ఆ మాట విన్ననాడు మావారు అన్నం ముట్టలేదు.

చివరికి ఉత్తరం వచ్చింది, ఫోన్లు మోగాయి. మావారు 1900కు పోర్ట్ అని మెసేజీ పెట్టారు. ఆ సాయంత్రమే పాత కంపెనీనుంచి ఒకబ్బాయి ఫోను చేశాడు. "సార్, మీరు మాకు పదహారేళ్ల కస్టమరు. మీకోసం ప్రత్యేకంగా తగ్గింపు ఇస్తాం, ఉండండి" అన్నాడు. మావారు కోప్పడలేదు. "ఉన్నన్నాళ్లూ గుర్తు రాలేదా అబ్బయ్యా?" అని మాత్రం అడిగారు.

ఇంట్లో ఉద్యోగస్తులున్న వారికి నాదొక మనవి. ఆఫీసు తరఫున సిమ్ ఇస్తుంటే, రాయితీ ఎంత అని అడిగేముందు నంబరు ఎవరి పేరు మీద ఉంటుందో అడగండి. సంస్థ పేరున ఉంటే, సంస్థ అనుమతి పత్రం లేనిదే దాన్ని వేరే కంపెనీకి మార్చుకోలేరు. బాకీ బిల్లు ఉన్నా, చేరి తొంభై రోజులు కాకపోయినా మారడం కుదరదు. కాబట్టి రిటైరయ్యే ముందే, కుర్చీలో ఉన్నప్పుడే, నంబరును సొంత పేరుకు మార్పించుకోండి. దండ పడ్డాక ఉత్తరం పుట్టడం కష్టం. రాయితీలన్నీ ఇలాంటివే అనను. బి.ఎస్.ఎన్.ఎల్. ఒక దశలో ప్రభుత్వోద్యోగులకు ల్యాండ్‌లైను బిల్లులో 10 శాతం తగ్గించింది, అది రిటైరైనవారికి కూడా వర్తించింది. ఉద్యోగంతో పోయేదేదో, మనతో ఉండేదేదో ముందే తెలుసుకుంటే చాలు.

ఆ కంపెనీ అబ్బాయి మాట తలచుకుంటే నాకు మా ఇళ్లే గుర్తొస్తాయి. దగ్గరుండి చూసుకునే కొడుకును ఏనాడూ మెచ్చుకోం. వేరుపడతానన్ననాడు మాత్రం బతిమాలతాం. ఆ రాత్రి ఉదయగిరికి ఫోను చేసి, అమ్మను ఇన్నేళ్లుగా కనిపెట్టుకుని ఉన్న మా మరదలితో కాసేపు మాట్లాడాను. "ఏంది వదినా, ఏమన్నా పనిపడిందా?" అని అడిగింది. పనేం లేదన్నాను.