ట్యాంకు ఖాళీయే, కానీ ఖాళీ కాదు

పెట్రోలు ట్యాంకు నిండుగా ఉన్నప్పటికంటే ఖాళీ చేశాకే ఎక్కువ ప్రమాదం. ఈ సంగతి నాకు యూట్యూబ్ చెప్పలేదు. బెజవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రి గారు చెప్పారు, కుడిచేతి చొక్కా పైకి మడిచి చూపిస్తూ. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం ముడతలు పడి మెరుస్తోంది. ఆ చెయ్యి సంగతి తర్వాత చెప్తాను. ముందు కారు సంగతి.

మాది 1999 మారుతి 800. తెలుపు, కార్బురేటర్ బండి. నాన్న ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి సొంతానికి కొనుక్కున్న ఒకే ఒక్క కారు ఇది, అదీ సెకండ్ హ్యాండ్‌లో. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు తెనాలిలో ఇంటి ముందు వేపచెట్టు కింద ఆపారు. లాక్‌డౌన్ అయిపోయేసరికి ఆయనకి మోకాలి ఆపరేషన్. అలా అలా నాలుగేళ్ళు బండి కదల్లేదు.

2024లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. పదిహేనేళ్ళు దాటిన కారుకి ఐదేళ్ళకోసారి తప్పదు. 2022 ఏప్రిల్‌కి ముందు 600 రూపాయలుండే ఆ ఫీజు 2024 నాటికి 5,000. హైదరాబాద్ నుంచి అన్నయ్య ఫోన్లో లెక్క చెప్పాడు: ఫీజు, ఇన్సూరెన్స్, టైర్లు, బ్యాటరీ. తుక్కు వ్యాపారి 22 వేలు ఇస్తానన్నాడట. నాన్న ఏమీ మాట్లాడలేదు. ఏమీ మాట్లాడకపోవడమే ఆయన 'వద్దు' అనే పద్ధతి. చివరికి ఒప్పందం ఇదీ: నెల రోజుల్లో బండి నడిస్తే ఉంచుదాం, నడవకపోతే ఇచ్చేద్దాం. నడిపించే పూచీ నాది.

కొత్త బ్యాటరీ వేస్తే ఇంజన్ స్టార్టయింది. నాన్న మొహం చూడాలి ఆ రోజు! కానీ దుగ్గిరాల దాకా వెళ్ళేసరికి, అంటే పది కిలోమీటర్లకే, బండి ముక్కుతూ మూలుగుతూ ఆగిపోయింది. పసుపు యార్డు దగ్గర రోడ్డు పక్కన కూర్చుని టీ తాగాం. పది నిమిషాలయ్యాక తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. మళ్ళీ నాలుగు కిలోమీటర్లు. మళ్ళీ ఆగింది.

ఊళ్ళో మెకానిక్ ప్లగ్గులు మార్చాడు. తర్వాత కాయిల్ అన్నాడు, మార్చాడు. తర్వాత పెట్రోలు పంపు. 4,200 అయింది. బండి మాత్రం ఆ పది కిలోమీటర్ల గీత దాటలేదు. "డీజిల్ బండయితే లైనులో గాలి పట్టిందనేవాణ్ణి. ఇదేంటో నాకూ అంతుపట్టట్లేదు" అన్నారు నాన్న. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

బెజవాడ 35 కిలోమీటర్లు. ఆగుతూ, టీలు తాగుతూ మూడున్నర గంటల్లో ఆటోనగర్ చేరాం. వారధి మీద ఆగకుండా ఉంటే చాలని నేను మొక్కని దేవుడు లేడు.

మేస్త్రి గారు బానెట్ ఎత్తలేదు. ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "ఆగాక పది నిమిషాలు ఊరుకుంటే మళ్ళీ స్టార్ట్ అవుతోందా?" అవునన్నాం. పెట్రోలు ఫిల్టరు ఊడదీసి, ట్యాంకు నుంచి పెట్రోలు వచ్చే వైపు మూతిని తెల్లగుడ్డ మీద తట్టారు. కాఫీపొడిలాంటిది అరచెంచాడు రాలింది.

"ఇది ఇంజన్ రోగం కాదు గురువుగారూ. ట్యాంకు రోగం."

ఆయన చెప్పిన మీదట చాలా తేలిగ్గా అర్థమైంది. ట్యాంకు అడుగున పెట్రోలు పీల్చే గొట్టం ఉంటుంది, దాని మూతికి చిన్న జల్లెడ. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ పంపు పీలుస్తుంటుంది కాబట్టి తుప్పు పొడి వచ్చి జల్లెడకి అంటుకుంటుంది. కాసేపటికి దారి మూసుకుపోయి ఇంజన్ ఆగుతుంది. ఇంజన్ ఆగితే పీల్చడమూ ఆగుతుంది. పొడి రాలి అడుక్కి పోతుంది. దారి తెరుచుకుంటుంది. అంటే బండి 'బాగై' స్టార్ట్ అవుతోందనుకున్నాం కానీ, అది ఊపిరి తీసుకుంటోంది.

మరి మూత బిగించిన ట్యాంకు లోపల తుప్పెలా పడుతుంది? మా 28 లీటర్ల ట్యాంకులో నాలుగేళ్ళూ పావు వంతే పెట్రోలుంది. మిగతాదంతా గాలి. పగలు వేడికి ఆ గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడితే బయటి తేమగాలి లోపలికొస్తుంది. ఆ తేమ రేకుకి చెమటలా పట్టి కిందికి జారుతుంది. నీళ్ళు పెట్రోలు కంటే బరువు కదా, అడుక్కి చేరి అక్కడే కాపురం పెడతాయి. అందుకే ట్యాంకు ఎప్పుడూ అడుగు నుంచే పోతుంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్. ఇథనాల్‌కి తేమను లాక్కునే గుణముంది. రోజూ తిరిగే బండిలో అదేమంత లెక్కలోది కాదు, ట్యాంకు ఖాళీ అవుతూ నిండుతూ ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు బయటికి తీసే బండికే చిక్కు. మీ తాతగారి ఆర్ఎక్స్100ని మూల పెట్టి, పండక్కి మాత్రమే తీస్తుంటే, ఒకసారి టార్చి వేసి ట్యాంకులోకి చూడండి.

మన ఇళ్ళల్లో ఇత్తడి గిన్నెలకి లోపల కళాయి వేయించేవాళ్ళు గుర్తుందా? కార్ల ట్యాంకులకీ చాలాకాలం అలాంటి పూతే ఉండేది. ఉక్కు రేకుకి సీసం, తగరం కలిపిన పూత. ఆ పూత ఉన్నన్నాళ్ళూ రేకు క్షేమం. ఒక్కచోట పోయిందా, తుప్పు అక్కడ మొదలై పక్కలకి పాకుతుంది.

ట్యాంకు దించే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీశారు. పాత పెట్రోలు డబ్బాలోకి తోడారు. అది పెట్రోలు వాసన కాదు, వార్నిష్ వాసన. రంగు కూడా టీ డికాక్షనే. వెనక భాగం లేపి స్టాండ్లు పెట్టి, పట్టేసిన బోల్టులకి డీజిల్ పోసి నానబెట్టి, ఒక్కొక్కటీ విప్పారు. నేను రీల్ తీద్దామని ఫోన్ పైకెత్తాను. "అమ్మాయ్, ఫోను ఆ టీకొట్టు దగ్గర పెట్టి రా" అన్నారు. ఫోన్ వల్ల నిప్పంటుకుంటుందా లేదా అన్నది వేరే చర్చ. ఆయన షెడ్డు, ఆయన రూలు.

అప్పుడే చొక్కా మడిచి చెయ్యి చూపించారు.

ఆయనకి పదిహేడేళ్ళప్పుడట. వేరే ఊళ్ళో ఒక షెడ్డులో హెల్పరు. ఒక అంబాసిడర్ ట్యాంకుకి చిల్లు పడింది. పెట్రోలంతా వంచేసి, మూత తీసి రెండ్రోజులు ఎండలో పెట్టారు. 'చుక్క లేదు, వాసన కూడా లేదు' అనుకున్నాక పెద్ద మేస్త్రి గ్యాస్ వెల్డింగ్ వెలిగించారు. ట్యాంకు పొట్ట ఉబ్బి ఒక పక్కన చీలిపోయింది. దీపం పెట్టినంత తేలిగ్గా అంటుకుందట. ఈయన ట్యాంకుని అటు పక్క పట్టుకుని ఉన్నారు కాబట్టి చేతితో పోయింది. పెద్ద మేస్త్రి పదకొండో రోజున ఆస్పత్రిలో పోయారు.

కారణం చెప్తాను, ఎందుకంటే బైకు ట్యాంకులు ఇంట్లోనే బాగుచేసుకునేవాళ్ళు ఈ రోజుల్లో చాలామంది ఉన్నారు. మండేది పెట్రోలు కాదు, దాని ఆవిరి. సున్నాకి 40 డిగ్రీలు దిగువన కూడా పెట్రోలు నుంచి మండేంత ఆవిరి వస్తుంది, ఇంక మన ఏప్రిల్ ఎండల సంగతి చెప్పాలా! ఆ ఆవిరి గాలిలో సుమారు ఒకటిన్నర నుంచి ఏడున్నర శాతం మధ్య ఉంటే నిప్పు తగలగానే పేలుతుంది. నిండు ట్యాంకులో ఆవిరే ఎక్కువ, మండడానికి గాలి చాలదు. వంచేసిన ట్యాంకులో మడతల్లో, అతుకుల్లో, తుప్పు పొరల కింద మిగిలిన నాలుగు చుక్కలు మెల్లగా ఆవిరవుతూ సరిగ్గా ఆ పాళ్ళకి చేరతాయి. పైగా ఆ ఆవిరి గాలికంటే బరువు. మూత తీసినంత మాత్రాన పైకి ఎగిరిపోదు, అడుగునే కూర్చుంటుంది.

ఇక కడగడం. సర్ఫు కలిపిన వేడినీళ్ళు నింపి, కుదిపి, పారబోయడం. మూడుసార్లు. తర్వాత లోపలి పెచ్చులు రాల్చడానికి ఒక మూర సైకిల్ చైను వేసి, ట్యాంకుని దుప్పట్లో చుట్టి, కుర్రాడూ నేనూ చెరో పక్క పట్టుకుని ఊయల ఊపినట్టు ఊపాం. వీడియోల్లో గుప్పెడు నట్లు వేస్తారు కదా అన్నాను. "వెయ్యొచ్చు తల్లీ. నలభై వేస్తే ముప్పై తొమ్మిది వస్తాయి" అన్నారు. లోపల పెట్రోలు అటూ ఇటూ తొణక్కుండా అడ్డురేకులుంటాయి, నట్టు వాటి వెనక దూరితే అయస్కాంతానికి కూడా దొరకదు. చైనయితే ఒక కొస తీగకి కట్టి లాగేయొచ్చు.

అసలు మందు మాత్రం మన కిరాణా కొట్లో దొరికేదే. నిమ్మ ఉప్పు! రెండు కిలోలు వేడినీళ్ళలో కరిగించి, ట్యాంకు నిండా పోసి, లోపల పుట్టే గ్యాసు పోవడానికి మూత వదులుగా పెట్టి ఒక రోజంతా వదిలేశారు. ఇత్తడి బిందెని చింతపండుతో తోమితే తళతళ వచ్చేది ఎందుకో, ఇక్కడా అదే. పులుపు తుప్పుని కరిగిస్తుంది, ఇనుము జోలికి తక్కువగా వెళ్తుంది. బాత్రూంలు కడిగే యాసిడ్ అయితే గంటలో అయిపోతుంది కదా అని అడిగితే, "అయిపోద్ది. తుప్పూ పోద్ది, ట్యాంకూ పోద్ది" అన్నారు. మర్నాడు వంచితే మొదట ఆకుపచ్చగా, తర్వాత బురదగా వచ్చింది. టార్చి వేస్తే లోపల బూడిదరంగు రేకు. ఆనందం!

కానీ తినే సోడా నీళ్ళతో కడిగేటప్పుడు ట్యాంకు అడుగు నుంచి సన్నగా రెండు ధారలు. ఆవగింజంత చిల్లులు రెండు. అన్నాళ్ళూ ఆ చిల్లులకి మూత తుప్పే. మనం దాన్ని కడిగేశాం.

నెల గడువులో మిగిలింది నాలుగు రోజులు. పక్క షెడ్డులో గ్యాస్ వెల్డింగ్ అతను, "ఐదు నిమిషాల పని, ఇన్నిసార్లు కడిగారుగా, ఏం కాదు" అన్నాడు. అన్నయ్య ఫోన్లో, "పెట్టించెయ్, లేదా ఇచ్చెయ్" అన్నాడు. నాన్న మేస్త్రి వైపు చూశారు. మేస్త్రి తన చేతివైపు కూడా చూడలేదు. "నా షెడ్డులో ట్యాంకుకి మంట చూపించను గురువుగారూ. మాటు వేస్తాను. రెండ్రోజులు పడుతుంది."

మాటు అనే మాట విని చాలా ఏళ్ళయింది. చిల్లు పడ్డ బిందెలకి వీధిలోకొచ్చి వేసేవాళ్ళు. ట్యాంకుని చిల్లులు పైకొచ్చేలా బోర్లించి, వాటికి అంగుళం కింద దాకా నీళ్ళు నింపారు. ఆవిరికి లోపల చోటే లేకుండా. గాలి పోవడానికి ఒక గొట్టం తెరిచి ఉంచారు. రాగి మొన ఉన్న టంకం కడ్డీని ఇరవై అడుగుల దూరంలో పొయ్యి మీద కాల్చి, పొయ్యి ఆర్పించి, అప్పుడు తెచ్చారు. చిల్లు చుట్టూ గీకి, నవాసాగరం రాసి, సన్నటి రేకు ముక్క పెట్టి టంకం పారించారు. చల్లారితే మళ్ళీ కాల్చడానికి అంత దూరం నడక. ఎన్నిసార్లు నడిచారో లెక్కపెట్టలేదు గానీ, ఒక్కసారి కూడా పొయ్యి దగ్గరికి జరపలేదు.

పరీక్ష కూడా సాదాగానే. ఆరిన ట్యాంకుకి గొట్టం పెట్టి నోటితో ఊది, అతుకుల మీద సబ్బునురగ రాశారు. కంప్రెసర్ పెడితే రేకు ఉబ్బుతుందట. బుడగ రాలేదు. తడి రేకు అరగంటలో మళ్ళీ ఎర్రబడుతుందని, ఆరబెట్టిన వెంటనే లోపల పెట్రోలూ ఇంజనాయిలూ కలిపి పోసి తిప్పి వంచేశారు. పాత రబ్బరు గొట్టాలన్నీ తీసి, ఇథనాల్‌కి తట్టుకునేవి వేశారు. మొత్తం 3,800.

తిరుగు ప్రయాణంలో దుగ్గిరాల దగ్గర నాన్న కావాలనే ఆపారు, టీ కోసం. పది నిమిషాలు ఆగాల్సిన పని లేకపోయినా అరగంట కూర్చున్నారు.

మేస్త్రి చెప్పినట్టు 200 కిలోమీటర్లకి ఫిల్టరు మార్చాం, చిటికెడు పొడి వచ్చింది. వెయ్యికి మార్చినప్పుడు తెల్లగుడ్డ మీద ఏమీ పడలేదు. రిజిస్ట్రేషన్ 2029 దాకా ఉంది. ట్యాంకు ఇప్పుడు సగానికి తగ్గనివ్వరు నాన్న. ఆదివారం పొద్దున్నే ఓ రౌండ్ వేసొస్తారు. డ్యాష్‌బోర్డులో ఎప్పుడూ రెండు కొత్త ఫిల్టర్లు, ఒక తెల్లగుడ్డ. ఆ గుడ్డతో అద్దం తుడవబోయానని మొన్న అన్నయ్యకి చీవాట్లు పడ్డాయి.